నల్లా పనోళ్లు, రాకాసి బల్లులు

ఏం రా మనుమడా, ఆ ఫోన్ జర పక్కకు పెట్టి ఇటు విను. నిన్న నువ్వు చూపించిన 2023 మేరియో బొమ్మల సినిమా మంచిగనే ఉంది, కాదన. 130 కోట్ల డాలర్లకు పైనే వసూలు చేసిందంటివి, చెయ్యనీ. కానీ అండ్ల దుమ్మేది? మా 1993 మేరియోల ఎటు చూసినా బూజు, చీకటి. సగం సినిమాది, సగం మా కిరాయి వీసీఆర్‌ది.

అప్పుడు సినిమా చూసుడంటే ఒక పని. ప్రాణహిత పడవల దాటి, మంచిర్యాల బస్సు పట్టి, క్యాసెట్ కిరాయికి తెచ్చి, తడవకుండ తువ్వాలల చుట్టుకొని మళ్ల పడవెక్కుడు. ఇప్పుడు వంతెన మీద బర్రున దాటుతున్రు, నీళ్ల దిక్కు గూడ చూడరు. ఓసారి పడవోడు నన్ను నడిమిట్ల దుబ్బ మీద దించి బీడీకి కూసున్నడు... సరే తియ్, మేరియో కాడికొస్త.

ఆ సినిమాను తిట్టనోడు లేడు. పెట్టిన పైసలు రాలే. రెండు వారాలకే జురాసిక్ పార్క్ వచ్చి ఊడ్చుకపోయింది. మేరియో వేషమేసిన బాబ్ హాస్కిన్సే 2007ల, తను చేసిన పనులన్నిట్ల గదే అధ్వానమన్నడు. అలిగిన పెండ్లికొడుకు మాట పట్టుకుంటమా?

వీడియో ఆటల లెక్క లేదని తిట్టేటోళ్ల కోపం. ఆటల ఏముంది? నల్లా పనోడు పుట్టగొడుగు మింగి పెద్దగైతడు, తాబేళ్ల మీద దుంకుతడు. సినిమాల ఏమో, ఆరున్నర కోట్ల యేండ్ల కింద ఉల్క పడితే రాకాసి బల్లులు చావకుండ ఇంకో లోకంల మనుషుల లెక్క తయారైనయ్. బ్రూక్లిన్‌ల ఒక పిల్ల భూమిల ఎముకలు తవ్వుతుంటది, ఆడికెళ్లే కత నడుస్తది. అమెరికోళ్లకిది పిచ్చి. మన సిరొంచోళ్లకు పిచ్చేంది రా? నేను బుడ్డోన్నున్నప్పుడు, 1961 ప్రాంతంల, కలకత్త ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మన సిరొంచ దిక్కు పోచంపల్లి కాడ తవ్వితే మనిషెత్తు తొడ ఎముక ఎల్లింది. 1975ల ఆ రాకాసి బల్లికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టిన్రు. బెంగాలీల బరా పా అంటే పెద్ద కాలు. తవ్విన యేడు ఠాగూర్ నూరేండ్ల పండుగ గనక ఆయన పేరు గూడ తగిలించిన్రు. దాని అస్థిపంజరం కలకత్తల నిలబడ్డది, మన వడధంల ఫాసిల్ పార్కున్నది. చేనుకు పోతుంటే మా నాయన, "మెల్లగ నడువు రా, కింద పండుకున్నోళ్లున్నరు" అనేటోడు. అది విని పెరిగినోనికి ఆ సినిమా అర్థంగాకపోవుడేంది?

ఒక్కటి చెప్త, ఎవ్వరికి చెప్పకు. మేరియో క్యాసెట్ తెచ్చిన రాత్రి సగం సినిమాకే కరెంటు పోయింది. తెల్లారి పడవ టైమైంది, క్యాసెట్ వాపస్ ఇయ్యాలె. డెన్నిస్ హాపర్ వేసిన కూపా రాజు ఏమైండో నాకింకా తెల్వదు. ముప్పై యేండ్ల సంది సగం సినిమా చూసే పోట్లాడుతున్న.

"ఫోన్ల పెడత, చూడు తాతా" అంటివి. అరచెయ్యంత లేదు అది, అన్ని రాకాసి బల్లులు అండ్ల యాడ పడ్తయ్ రా?

చార్జింగ్ ఎంతున్నదో చూడు.