బుచ్చయ్యపేట నుంచి విశాఖకు ఇరవై నిమిషాలు

ఆదివారం పేపరు దులిపితే రాలే రంగు కాగితాల్లో ఈమధ్య బుచ్చయ్యపేట మండలం తరచుగా తగులుతోంది. చెరకు, బెల్లం, వడ్డాది వెంకన్న కల్యాణం తప్ప మరో గొడవ పట్టని మండలం ఉన్నట్టుండి "విశాఖ మహానగర ముఖద్వారం" అయి కూర్చుంది. కాగితం మీద నీలిరంగు ఈతకొలను. కొలను ఒడ్డున కుర్చీల్లో వెల్లకిలా పడుకున్న దంపతులు. వాళ్ల జుట్టు రంగు చూస్తేనే తెలుస్తుంది, చోడవరం వైపు వాళ్లు కారని. కింద చేతి వేలంత అక్షరాల్లో: "విశాఖకు కేవలం 20 నిమిషాలు."

సరే, లెక్క కడదాం. బుచ్చయ్యపేట నుంచి విశాఖ నగరం అటూ ఇటూగా అరవై కిలోమీటర్లు. ఇరవై నిమిషాల్లో చేరాలంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం కావాలి. 2023 సంక్రాంతి నాడు సికింద్రాబాద్, విశాఖల మధ్య మొదలైన వందే భారత్ రైలును తయారు చేసింది అంత వేగానికే గానీ, మన దారిలో దాన్ని 130 దాటనివ్వరు. పైగా రైలుకి పట్టాలున్నాయి. మన కారు పోవలసింది బీఎన్ రోడ్డు మీద. భీమునిపట్నం నుంచి నర్సీపట్నం పోయే ఆ రోడ్డు సంగతి ఇటు ప్రజలకు నేను చెప్పనక్కర్లేదు, నడుం నొప్పి మాత్రలు అమ్మే మందుల షాపులవాళ్లు చెబుతారు. విజయరామరాజుపేట దగ్గర తాచేరు మీద వంతెన కూలింది. పక్కన వేసిన తాత్కాలిక దారిని వరద పట్టుకుపోయింది. ఇన్నిటి మధ్య ప్లాట్లు అమ్మే వెంచర్‌వారు మాత్రం వందే భారత్‌ని దాటేసి మనల్ని విశాఖలో దింపుతామంటున్నారు.

నిలదీస్తే ఏజెంటు తడబడడు. "ఇరవై నిమిషాలన్నది శివారు వరకండీ. శివారు అంటే ఇప్పటి శివారు కాదు, రాబోయే శివారు." ఈ లెక్కన బుచ్చయ్యపేట విశాఖ దగ్గరికి పోనక్కర్లేదు, విశాఖే బయల్దేరి వస్తోంది. ఇంటి దగ్గర ఉంటే చాలు.

(ఇది ఏ ఒక్క వెంచర్‌నీ ఉద్దేశించి రాస్తున్నది కాదు. పేరూ ఫోన్ నంబరూ తీసేస్తే అన్నీ ఒకే కాగితం. ఆ ఈతకొలను దంపతులు కూడా అన్నిటిలో వాళ్లే.)

కాగితం తిరగేస్తే పటం. నట్టనడుమ ఎర్రచుక్క పెట్టి, దాని చుట్టూ బాణాలు గుచ్చి ఉంటాయి. ఒక బాణం భోగాపురం విమానాశ్రయానికి, ఒకటి గూగుల్ డేటా సెంటర్‌కి, ఒకటి నక్కపల్లి స్టీల్ ప్లాంట్‌కి, ఒకటి పూడిమడక హైడ్రోజన్ హబ్‌కి. ఇవేవీ కట్టుకథలు కావు. పూడిమడక హబ్‌కీ, నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకీ ప్రధాని 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో గూగుల్ విశాఖకు 1,500 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఆర్సెలర్ మిత్తల్, నిప్పన్ స్టీల్ కలిసి పెట్టే కర్మాగారం నక్కపల్లి మండలం రాజయ్యపేట దగ్గర. చిక్కల్లా ఒక్కటే. రాజయ్యపేటా పూడిమడకా సముద్రం ఒడ్డున, జాతీయ రహదారికి అవతల ఉన్నాయి. బుచ్చయ్యపేట రహదారికి ఇవతల, కొండల వైపు ఉంది. ఇక భోగాపురం అంటే విశాఖ మొత్తం దాటి విజయనగరం జిల్లాలోకి పోవాలి. ఆ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో మరో ముఖ్యమంత్రి పునాదిరాయి వేశారు. రాయి పడ్డది అక్కడ, గజం ధర లేచింది ఇక్కడ. పటం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "పటం కొలతల ప్రకారం గీసినది కాదు" అని కూడా రాస్తారు. మొత్తం కాగితంలో నేను నమ్మిన వాక్యం అదే.

ఈ ఏడాది కాగితాల్లో కొత్తగా వచ్చి చేరిన మాట "సస్టెయినబుల్ గ్రోత్". దాని వంశం పెద్దదే. 1987లో నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రంట్లాండ్ అధ్యక్షురాలిగా ఉన్న ఐక్యరాజ్యసమితి కమిషన్, రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడాన్ని సుస్థిర అభివృద్ధి అంది. 2015లో ఐక్యరాజ్యసమితి పదిహేడు లక్ష్యాలు పెట్టుకుంది. వాటిలో పదకొండోది అచ్చంగా ఊళ్లూ నగరాలూ ఎలా ఉండాలన్నదే. ఆ మహాతల్లి కలలో కూడా అనుకుని ఉండదు, తన మాట చోడవరం దాటి వచ్చి, కోనోకార్పస్ మొక్కల వరస పక్కన ఫ్లెక్సీ అయి వేలాడుతుందని.

వెంచర్‌లో సుస్థిరత ఎలా చేస్తారో ఒకసారి చూడవలసిందే. ముందు పల్లం భూమిని మట్టి పోసి మెరక చేస్తారు. మట్టి ఏ కొండ నుంచి వచ్చిందో అడగకూడదు. పంట బోదె అడ్డొస్తే పూడ్చి, దాని మీద నలభై అడుగుల రోడ్డు వేస్తారు. ఆ పైన రోడ్డు మూల మూడడుగుల ఇంకుడు గుంత తవ్వి, దాని ముందు వరసగా నిలబడి ఫోటో దిగుతారు. బోదె దిగువ రైతు వచ్చి "మా నీళ్లేటైపోనాయి బాబూ?" అంటే, "గ్రీన్ బెల్ట్‌కి మళ్లించాం" అని సమాధానం. గ్రీన్ బెల్ట్ ఏది అంటే అది ఫేజ్ టూలో ఉంది. ఆషాఢంలో నాలుగు గట్టి వానలు పడితే నీళ్లు తిరిగొస్తాయి. గెడ్డకి కాగితాలు చదవడం రాదు కాబట్టి పాత దారినే వస్తుంది, 32వ నంబరు ఈశాన్యం కార్నర్ బిట్ మీదుగా. నూటికి నూరు శాతం వాస్తు కదా, ఈశాన్యంలో నీళ్లు ఉండటం శుభమే.

గ్రోత్ మాటకొస్తే, దాని రహస్యం కొలతల్లో ఉంది. మన రైతు ఎకరాల్లో, సెంట్లలో మాట్లాడతాడు. విశాఖ ఉద్యోగి గజాల్లో మాట్లాడతాడు. ఎకరం అంటే 4,840 గజాలు. రోడ్లకీ, ఖాళీ స్థలానికీ నూటికి నలభై వదిలినా 2,900 గజాలు అమ్మకానికి మిగులుతాయి. రైతుకి ఎకరం ధర ఇచ్చి, కొనేవాడి దగ్గర గజం ధర తీసుకోవడమే గ్రోత్ స్ట్రాటజీ. దీనికి ఎంబీయే అక్కర్లేదు, ఎక్కాలు వస్తే చాలు. సెంటుకీ గజానికీ మధ్య ఉన్న ఆ సందులోనే ఇవాళ ఇన్ని తెల్ల కార్లు తిరుగుతున్నాయి.

ఆ తెల్లకారు ఆదివారం తెల్లారకుండానే మన ఇంటి ముందుకొస్తుంది. ఉచితం. వేళ ఎందుకంత పెందలాడే అంటే, లారీలు రోడ్డెక్కకముందు దాటించెయ్యాలి. అక్కడ ఆర్చి, షామియానా, బిర్యానీ ప్యాకెట్టు, మే నెల ఎండలో కోటూ టై కట్టుకుని ఆవిరైపోతున్న కుర్రాళ్లు. స్పాట్ బుకింగ్‌కి వెండి నాణెం. కొన్నవాడు అంతటితో వదిలాడనుకుంటే పొరపాటు. వచ్చే ఆదివారం నుంచి అతనూ నలుగురిని తేవాలి. తెస్తే సీనియర్. ఆ నలుగురూ తలా నలుగురిని తెస్తే డైరెక్టర్. కొనేవాడే అమ్మేవాడు, అమ్మేవాడే కొనేవాడు. ఇల్లు కట్టుకుని ఉండేవాడు మాత్రం ఎక్కడా దొరకడు. నివాస ప్రాంతం అని బోర్డున్న ఆ పది ఎకరాల్లో రాత్రిపూట దీపం వెలిగేది వాచ్‌మన్ రేకుల గదిలో. అతను కూడా గజం కొనలేదు, జీతం మీద ఉన్నాడు. డల్లాస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో చూసి కొన్న ప్లాటులో, ఊళ్లో ఉన్న తండ్రి సర్కారు తుమ్మ కొట్టించి, తన సర్వే రాయి ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటాడు. "వేల్యూ పెరుగుతోంది నాన్నా" అంటాడు కొడుకు. పెరుగుతున్నది ఏమిటో తండ్రికి కళ్లముందే కనబడుతోంది.

ప్లాటు ఇస్తామన్న మాట మీద డబ్బు పోగెయ్యడం ఎక్కడిదాకా పోతుందో తెలుగువాళ్లకి ఒకరు చెప్పాలా? 1995లో విజయవాడలో మొదలైన అగ్రిగోల్డ్, సుమారు 32 లక్షల మంది దగ్గర ఆరు వేల కోట్ల పైచిలుకు పట్టి, ఇరవై ఏళ్లు తిరగకుండానే చేతులెత్తేసింది. ఎక్కువ బాధపడింది ఏజెంట్లే. బావమరిదికీ పక్కింటి పిన్నికీ కట్టించినవాళ్లు కదా, వీధిలో తలెత్తుకోలేకపోయారు. 2019లో అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. మనం తెచ్చుకున్నది కొత్త బిరుదులు.

రైతు ఎందుకు అమ్ముతున్నాడని అడిగేవాళ్లున్నారు, అదీ విశాఖలో ఏసీ గదిలో కూర్చుని. చెరకు వేసి ఎక్కడికి తోలాలి? తుమ్మపాల ఫ్యాక్టరీ మూతబడింది. ఏటికొప్పాక మూతబడింది. తాండవ మూతబడింది. పక్క మండలంలోని గోవాడ సహకార చక్కెర కర్మాగారం పేరెత్తితే ముందు బకాయిల మాటే వస్తుంది. బెల్లం వండి అనకాపల్లి మార్కెట్‌లో దిమ్మలు దింపితే, ధర పాడేది ఇంకొకడు. కూలీ ఖర్చు కూడా రాని పంటకు కాపలా కాస్తూ ఉండమని రైతుకి చెప్పే హక్కు నాకు లేదు, మీకూ లేదు. వేల మంది రైతులు వాటాదారులుగా ఉన్న ఫ్యాక్టరీని నిలబెట్టడం ఎవరి గ్రోత్ స్ట్రాటజీలోనూ కనబడదు. చక్కెర ఫ్యాక్టరీ బొమ్మలో ఈతకొలను పెట్టడం కుదరదు, అదీ సంగతి.

చట్టాలు లేవా అంటే లక్షణంగా ఉన్నాయి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ని నమోదు చేయించకుండా అమ్మడమే కాదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఇస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. ఇంత పకడ్బందీ చట్టానికి మనవాళ్లు రెండే మాటలతో విరుగుడు కనిపెట్టారు: "ప్రీ లాంచ్". ఇంకా పుట్టని బిడ్డను పోలీసులు పట్టుకోలేరు కదా. "ఇది ప్రకటన కాదండీ, శ్రేయోభిలాషులకు సమాచారం మాత్రమే" అంటూ మీకు తెలియని నంబరు నుంచి ఒక శ్రేయోభిలాషి వాట్సాప్‌లో పంపుతాడు. విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉందా అంటే "ప్రపోజ్డ్" అంటాడు. పెళ్లిచూపులకు పోదామని అనుకున్నవాడు శుభలేఖ పంచడం లాంటిదే ఇది.

ఇంతకీ ఈ వ్యవహారంలో సుస్థిరమైనది ఏదీ లేదా? ఒకటుంది. దాని పేరు లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఆఖర్న వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో వచ్చింది. 2025 జూలైలో ఇంకోసారి వచ్చింది, ఆ ఏడాది జూన్ 30 దాకా జరిగినవన్నీ దాని కిందికి తెస్తూ. ముఖ్యమంత్రులు మారారు, రాజధాని మాటలు మారాయి, జిల్లా కూడా మారి 2022 ఏప్రిల్‌లో బుచ్చయ్యపేట విశాఖ నుంచి అనకాపల్లికి వచ్చింది. ఈ పథకం మాత్రం చెక్కుచెదరలేదు. బ్రంట్లాండ్ గారు చూస్తే ముచ్చటపడేవారు.

పథకం నడిచే తీరు మరీ ముచ్చట. అనుమతి లేకుండా లేఅవుట్ వేసినవాడు ప్లాట్లన్నీ అమ్ముకుని, ఆర్చి విప్పుకుని, ఇంకో సర్వే నంబరులో పాతుకుంటాడు. దరఖాస్తు పెట్టి అపరాధ రుసుము కట్టాల్సింది కొన్నవాడు. లేఅవుట్‌లో నిబంధనల ప్రకారం పదో వంతు ఖాళీ స్థలం వదలకపోతే, 2020 నిబంధనల్లో దానికి ప్లాటు విలువలో 14 శాతం రుసుము పెట్టారు. అంటే, రంగు కాగితంలో పిల్లలు జారుడుబల్ల ఎక్కుతున్న పార్కు చూసి మనవాడు మొదటిసారి డబ్బిచ్చాడు. ఆ పార్కు లేనందుకు రెండోసారి ఇచ్చాడు. లేని వస్తువు మీద రెండుసార్లు రాబడి తెచ్చే వ్యాపారం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటే గూగుల్ వాళ్లు ఇంత దూరం వచ్చి డేటా సెంటర్ పెట్టేవారా?

ప్రభుత్వం తర్వాతి కటాఫ్ తేదీ ఇంకా చెప్పలేదు. వెంచర్‌వారికి ఆ తొందరేమీ లేదు, సర్వే రాళ్లకు సున్నం కొట్టిస్తున్నారు.