కోడి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

కోడి తెచ్చి తోలు కోసివేయక యుంచి
పొట్టలోన బెట్టి పొడిచి నిమ్మ
వెన్నతోడ నూరి వెల్లుల్లి పట్టించి
గంటపైన కాల్చి కాస్త యాగు

అవతారిక: కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం అంటారు. ఆయనకు మూలం కాళిదాసు రాసిపెట్టాడు. మాకెవరూ రాసిపెట్టలేదు గనుక మూలమూ మేమే రాసుకున్నాం. ఇందువల్ల ఒక సదుపాయం ఉంది. కవి హృదయం ఏమిటని ఎవరైనా నిలదీస్తే పక్కగదిలోకి పోయి అడిగి రావచ్చు.

ప్రతిపదార్థం: కోడి = ఐదారు వారాల బ్రాయిలరు కోడిని; తెచ్చి = దుకాణంలో వాదించి సంపాదించి; తోలు = చర్మాన్ని; కోసివేయక యుంచి = స్కిన్‌లెస్ చేయించక ఉంచి; నిమ్మ = నిమ్మకాయను; పొడిచి = ఫోర్కుతో చిల్లులు చేసి; పొట్టలోన బెట్టి = కోడి కడుపులో ఇరికించి; వెల్లుల్లి = ఎల్లిగడ్డను; వెన్నతోడ నూరి = ఉప్పు, మిరియాలు, వెన్న చేర్చి నూరి; పట్టించి = తోలు కింద రాసి; గంటపైన = గంటకు పైచిలుకు; కాల్చి = ఓటీజీలో 200 డిగ్రీల వేడిన కాల్చి; కాస్త = పావుగంట; ఆగు = చెయ్యి పెట్టకుండా కూర్చో.

తాత్పర్యం: స్పష్టం. అయినా ఇంట్లో ఎవరూ పాటించడం లేదు గనుక విశేషాలు రాస్తున్నాం.

‘తెచ్చి’ అని కవి రెండక్షరాల్లో తేల్చేశాడు. ఆదివారం పొద్దున సూర్యాపేటలో చికెన్ దుకాణం ముందు నిలబడి ఉంటే అలా తేల్చేవాడు కాదు. మన దుకాణాల్లో కోడి మొద్దు మీద పడ్డాక కత్తి ఆగదు. మనం నోరు తెరిచేలోపు నాలుగు ముక్కలైపోతుంది.

“అన్నా, ముక్కలు కొట్టకు. కోడి మొత్తం కావాలె.”

“కర్రీ కట్టా, బిర్యానీ కట్టా?”

“ఏ కట్టూ వద్దే. తోలు గూడ తియ్యకు.”

“మరి ఎట్ల తింటరు?”

ఈ ప్రశ్నకు వెనక నిలబడ్డ నలుగురూ మనవైపు తిరిగి చూస్తారు. అక్కడ జవాబు చెప్పబోవడం వృథా. తలా కాళ్లూ తీయించి, లోపల కడిగించి, లివరూ కందనకాయా విడిగా కట్టించుకొని బయటపడాలి. రెండు కిలోల లైవ్ కోడి తోలుతో కిలోన్నరకు కాస్త తక్కువగా తూగుతుంది. స్కిన్‌లెస్ కన్నా కిలో రేటు తక్కువ కూడా. కవి పిసినారి అని కొందరు ఇక్కడే కనిపెట్టారు.

‘తోలు కోసివేయక’ అన్న మాట అలంకారం కోసం వేసింది కాదు, మూడో పాదానికి పునాది. వెల్లుల్లి ముద్దను తోలు మీద రాస్తే అరగంటలో నల్లబడి చేదెక్కుతుంది. రొమ్ము దగ్గర తోలు కింద వేళ్లు దూర్చి, చిరగకుండా మెల్లగా విడదీసి, ఆ సందులో వెన్నముద్ద పెట్టి పైనుంచి అరచేత్తో సర్దాలి. తోలే లేకపోతే ఎల్లిగడ్డ దాక్కునే చోటేది? స్కిన్‌లెస్ కోడితో ఈ పద్యం చదవడం మొదటి పాదం వదిలేసి అన్వయం చెప్పడమే.

ఒక మాట కవి మింగేశాడు. తోలు తడిగా ఉండరాదు. పసుపూ ఉప్పూ వేసి కడగడం మన ఆచారం, సరే. ఆపైన గుడ్డతో ఒత్తి, ఉప్పు రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. తోలుకు రంగూ రుచీ రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. తడి ఆరేదాకా తోలు ఆ వేడిని అందుకోదు. ఈ రంగు వెనకనున్న రసాయన చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించాడు.

రెండో పాదంలో అన్వయక్లేశం ఉంది. ‘పొట్టలోన బెట్టి పొడిచి నిమ్మ’ అన్నారు కదా అని కొందరు నిమ్మను లోపల పెట్టాక పైనుంచి కోడిని పొడుస్తున్నారు. తప్పు. ‘నిమ్మ పొడిచి, పొట్టలోన బెట్టి’ అని అన్వయం. ఇటలీ వంటల గ్రంథకర్త్రి మార్సెల్లా హజాన్ (1924–2013) రెండు నిమ్మకాయలకు కనీసం 20 చొప్పున చిల్లులు పొడిచి కడుపులో పెట్టమన్నది. లోపలి వేడికి రసం ఆవిరై మాంసానికి తగులుతుంది. ఆమె వెన్నా నూనే ఏదీ వాడదు, వెల్లుల్లి ఊసే లేదు. ఆ పక్షం గొప్పదే, కానీ మా కవి మిర్యాలగూడ అల్లుడు, వెన్న వదలలేడు. ఆమె నిమ్మకాయ పెద్దది, తొక్క మందం. నకిరేకల్ మార్కెట్‌కు వచ్చే మన నిమ్మ చిన్నది, తొక్క పలచన, పులుపు జాస్తి. మూడు కాయలు పడతాయి.

శంక: నల్గొండ బత్తాయిల సీమ కదా, ‘నిమ్మ’ అన్నది బత్తాయికి ఉపలక్షణం కాదా?
సమాధానం: కాదు. బత్తాయి రసం కాసేపు నిలవుంటేనే చేదు తిరుగుతుంది, ఇక గంటసేపు కాగితే చెప్పాలా. కోడి కాలుతుండగా బత్తాయి ఒలుచుకొని తినడానికి మాత్రం పద్యంలో నిషేధం లేదు.

పాఠాంతరాలు. మిర్యాలగూడలో ‘పొడిచి గుడ్డు’ అని చదివేవారున్నారు. గణం చెడదు, యతీ చెడదు. ఉడికిన గుడ్లను గాట్లు పెట్టి కోడి పొట్టలో దూర్చడం ముర్గ్ ముసల్లం పద్ధతి. నిజాం ఏలిన సీమలో ఆ పాఠం వినబడటంలో వింత లేదు. రుచికరమే గాని వేరే గ్రంథం.

ఓవెన్ లేని కోదాడ ఇళ్లలో నాలుగో పాదం ‘మూడు కూత లిచ్చి కాస్త యాగు’. మూ, కా అక్షరాలకు యతి కుదరదు. కుక్కర్ ఆవిరిలో తోలు రబ్బరవుతుంది. యతిభంగమూ తోలుభంగమూ ఒకేచోట. కుక్కరే గతి అయితే గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు మీద గిన్నెలో కోడిని పెట్టి కేకులా కాల్చుకోవచ్చు. రంగు రాదు, రుచి వస్తుంది.

ఇక ‘కాస్త తాగు’. ఈ పాఠానికి సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ మూడూళ్లలోనూ అభిమానులున్నారు. ఛందస్సు చూపి దీన్ని కొట్టిపారేయలేం. అర్థం చూపి కొట్టేయవచ్చు. తాగేవాడి విషయంలో ‘కాస్త’ అన్న పదం వ్యర్థం.

‘కాల్చి’ దగ్గర పెద్ద చిక్కుంది. చుట్టుపక్కల ఊళ్లలో కోడిని కాల్చడమంటే ఈకలు పీకి, పసుపు పూసి, వరిగడ్డి మంట మీద అటూ ఇటూ తిప్పడం. నూగు పోయి తోలు బిగుస్తుంది, ఆ వాసన వీధి చివరిదాకా పోతుంది. తర్వాత ముక్కలు కొట్టి పులుసు పెడతారు. అది రెండు నిమిషాల పని గనుకే ఇక్కడ ‘గంటపైన’ అన్నారు. తోలుతో తినడం దొరల అలవాటన్న ఆక్షేపణకూ జవాబు ఇదే: కాల్చిన తోలు లేని నాటుకోడి పులుసును ఈ ప్రాంతంలో ఏ పెద్దమనిషీ ఒప్పుకోడు. అలాగని నాటుకోడిని ఓవెన్‌లో పెట్టొద్దు. గంట కాల్చినా దవడలకే పని.

ఉడికిందా లేదా అన్నదానికి ప్రమాణం: తొడ లోపల, ఎముకకు తగలకుండా, 74 డిగ్రీలు. థర్మామీటర్ లేనివారు తొడ కీలు దగ్గర కత్తి గుచ్చి చూడాలి. రసం తేటగా రావాలి. ఎర్రగా వస్తే మరో పది నిమిషాలు.

‘ఆగు’ అని ఏకవచనంలో గద్దించడం ఔచిత్యభంగమని మామగారు అభ్యంతరపెట్టారు. ఆయన అప్పటికే ఒక కాలు విరిచి పట్టుకొని ఉన్నారు. వేడి మీద కోస్తే రసమంతా పలక మీదికి కారి, రొమ్ము పీచు పీచవుతుంది. పావుగంట ఆగితే ఆ రసం చాలావరకు మాంసంలోనే నిలుస్తుంది. బహువచనంలో చెబితే ఆగేవాళ్లు కారనే కవి ఏకవచనం వాడాడు.

ట్రే అడుగున మిగిలే వెన్న, నిమ్మరసం, అంటుకుపోయిన ఎల్లిగడ్డ ముక్కల గురించి మూలంలో అక్షరం లేదు. ఐదో పాదం రాద్దామంటే ఆటవెలది ఒప్పుకోదు. వచనంలో చెబుతున్నాం: మిర్యాలగూడ మిల్లు బియ్యం, బీపీటీ అయితే మరీ మంచిది, వేడిగా వండి, గిన్నెతో సహా ట్రే దగ్గరికే తెచ్చుకోవాలి. గరిటెతో అడుగు గీకి రెండు ముద్దలు కలుపుకోవాలి. ఇది మామగారు బత్తాయి ఒలుచుకుంటున్నప్పుడే చేయాలి.