రౌస్ హిల్‌లో రాహుకాలం: జాతకాల మీద నమ్మకం చెక్కుచెదరకుండా కాపాడుకునే చిట్కాలు

సిడ్నీకి వాయవ్యాన, విండ్సర్ రోడ్డు పక్కన, రిచర్డ్ రౌస్ అనే ఆయన ఇల్లు కట్టుకున్న గుట్ట మా రౌస్ హిల్. 1813లో పునాది తవ్వితే ఇల్లు పూర్తయ్యేసరికి 1819 అయింది. శంకుస్థాపనకు ముహూర్తం పెట్టించుకోని ఫలితం! (రెండు వందల ఏళ్ళు దాటినా ఆ ఇల్లు ఇంకా నిలబడే ఉంది.) మొదటి చిట్కా మీ కళ్ళ ముందే ఉంది. కలిసొచ్చే మాట గట్టిగా చెప్పండి, కలిసిరానిది బ్రాకెట్లో పెట్టండి.

రెండోది, ఎక్కడ నమ్మాలో తెలుసుకోండి. మా ఊరికి 2019 మే 26న మెట్రో వచ్చింది. దానికి డ్రైవర్ ఉండడు. అయినా సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి, నిండు రాహుకాలంలో, మనవాళ్ళంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిశ్చింతగా ఎక్కేస్తారు. నడిపేవాడు లేని బండెక్కడానికి లేని భయం పీఆర్, అదే శాశ్వత నివాస వీసా, కాగితాల దగ్గరికొచ్చేసరికి ఎందుకొస్తుంది? మెట్రో నాలుగు నిమిషాలకొకటి వస్తుంది కనక. పీఆర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కనక.

మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో న్యూగినీ పక్కన ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్నాడు. అక్కడి జాలర్లు ఒడ్డు పక్కనున్న నిలకడ నీళ్ళలో చేపలు పట్టేటప్పుడు మంత్రాలేమీ చదవరని, నడిసముద్రంలోకి పోయేటప్పుడు మాత్రం తంతు అంతా జరిపిస్తారని రాశాడు. మన నడిసముద్రం వీసా. 65 పాయింట్లు తెచ్చుకుంటే వరుసలో నిలబడే అర్హత మాత్రమే వస్తుంది. (పెళ్ళిపొంతన ఎంత నయం! 36కి 18 వస్తే చాలు, మేళం మాట్లాడుకోవచ్చు.) ఆ వరుసలో చేరడానికి ఈఓఐ అనే దరఖాస్తు వేసి కూర్చున్న కుర్రాడికి ప్రభుత్వం వెబ్‌సైటు తేదీ చెప్పదు. పంతులుగారు చెబుతారు. "మే తర్వాత గురుబలం వస్తుంది నాయనా" అంటారు. ఆ 'మే' అన్న ఒక్క మాట పట్టుకుని వాడు ఆరు నెలలు నిద్రపోగలడు. ఏ శాస్త్రవేత్త ఇవ్వగలడు అంత నిద్ర? కాబట్టి శాస్త్రవేత్తలతో వాదించకండి. వాళ్ళు అది నిజమా అని అడుగుతున్నారు. మీరు కొనుక్కున్నది నిజాన్ని కాదు.

మే వెళ్ళిపోయి ఉత్తరం రాకపోతే? గురువు వక్రించాడు. బిడ్డ ఇక్కడే పుట్టి ఉంటే ఇంకా తేలిక. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ గడియారం గంట ముందుకు జరిపి పెడతారు కదా, లగ్నం కట్టినప్పుడు ఆ గంట తీసేయడం మర్చిపోయారని చెప్పుకోవచ్చు. గంట తేడా అంటే సుమారు సగం రాశి. ఈ సాకును మాత్రం చిన్నాచితకా విషయాలకు వాడి పాడు చేసుకోకండి. పెళ్ళి సంబంధాల దాకా దాచుకోండి.

ఏలినాటి శని గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే జ్యోతిషం మొత్తంలో ఇంత పనికొచ్చే వస్తువు మరొకటి లేదు. శని ఒక చుట్టు తిరగడానికి సుమారు 29న్నర ఏళ్ళు తీసుకుంటాడు. మన రాశికి ముందు ఇంట్లో, మన ఇంట్లో, తర్వాతి ఇంట్లో ఉన్నంతకాలం ఏలినాటి. అంటే ఏ రోజు లెక్క చూసినా 12 రాశుల్లో 3 రాశులకు ఏలినాటి నడుస్తూనే ఉంటుంది. అష్టమ శని, అర్ధాష్టమ శని కూడా కలుపుకుంటే 5 రాశులు. రౌస్ హిల్ టౌన్ సెంటర్‌లో కాఫీ కోసం పన్నెండుమంది నిలబడితే వాళ్ళలో అయిదుగురి నెత్తిన శని ఉన్నట్టే, కాఫీ పోసేవాడితో సంబంధం లేకుండా. ఇక ఏలినాటి మొత్తం ఏడున్నరేళ్ళంటే తక్కువ వ్యవధా! స్టూడెంట్ వీసాలో దిగి, పార్ట్‌టైం పనులు చేసి, పీటీఈ ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాసి, పీఆర్ తెచ్చుకుని, ఇంటి అప్పు చేసేసరికి ఎవరికైనా దాదాపు అంతే పడుతుంది. ఆ మధ్యలో ఒక్క కష్టమైనా రాని మనిషిని చూపించండి. శని వదిలాక మంచి రోజులొచ్చాయంటారు. నిజమే, ఏడున్నరేళ్ళు ఒళ్ళొంచి పనిచేస్తే ఎవరికైనా వస్తాయి. ఈ రెండో మాట పంతులుగారి దగ్గర అనకండి, నొచ్చుకుంటారు.

మూడో చిట్కా ఒకటి ఉండేది. రాయబోయేసరికి దుర్ముహూర్తం వచ్చింది, వదిలేశాను.

వీడియో కాల్‌లో జాతకం చెప్పించుకునేటప్పుడు తలాడించడం నేర్చుకోండి. "మీరు పైకి గంభీరంగా ఉంటారు గానీ మనసు వెన్న." అవును. "ఎంత చేసినా పేరు రాదు." అవునవును. "చేతిలో డబ్బు నిలవదు." ఈ మాటకు మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకోవచ్చు. మా వీధిలో పన్నెండు రాశుల వాళ్ళూ ఉన్నారు, ఇంటి వాయిదా కట్టాక ఎవరి చేతిలోనూ డబ్బు నిలవదు. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 39 మంది విద్యార్థులకు వాళ్ళ స్వభావ వర్ణన అంటూ తలొక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదు మార్కులకు వెయ్యమంటే సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులో వాక్యాలు అంగట్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోవి. దీన్నుంచి మీరు నేర్చుకోవలసిందేమిటంటే, మీ జాతక ఫలం కాగితాన్ని పక్కింటివాళ్ళకు చూపించకూడదు.

నార్లీకర్ గారి పరీక్ష గురించి మీ అబ్బాయి యూనివర్సిటీలో విని వచ్చి అడుగుతాడు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం 2008లో మహారాష్ట్రలో బాగా చదివే పిల్లల జాతకాలు వంద, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు వంద పోగుచేసి, ఎవరిది ఏదో చెప్పమని జ్యోతిష్కులను కోరింది. తలకు 40 జాతకాలు. జవాబులు పంపినవాళ్ళు 27 మంది. సరిపోయినవి సగటున 46 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 పడేది. కంగారు పడకండి. "మన పంతులుగారు ఆ 27 మందిలో లేరు" అనండి. ఎవరి పంతులుగారూ ఎప్పుడూ ఏ పరీక్షలోనూ ఉండరు. అదే వాళ్ళ గొప్పతనం.

అబ్బాయి ఇంకా లొంగకపోతే కోర్టుకెళ్ళండి. 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు పెట్టమంటే, హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థను స్థాపించిన పి.ఎం. భార్గవ మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వేసిన కేసు ఓడిపోయారు. 2004లో సుప్రీంకోర్టులోనూ అదే జరిగింది. "సుప్రీంకోర్టే ఒప్పుకుంది" అని బల్ల గుద్దండి. ఏ కోర్సు పెట్టాలో నిర్ణయించేది విద్యారంగ నిపుణులు, మేం కలగజేసుకోం అన్నదే ఆ తీర్పు సారం. అది బ్రాకెట్లో పెట్టాల్సిన బాపతు.

కొత్త కారు కొన్నారా? హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించండి. అయితే ఇన్సూరెన్స్ మానకండి, బ్రేకులు చూపించడం మానకండి, తాగి నడపకండి. ఏడాదంతా ఏ ప్రమాదమూ జరగకపోతే అది నిమ్మకాయ మహిమ. కాకి వాలడం, తాటిపండు రాలడం, అదే కాకతాళీయ న్యాయం, మన పాత ముచ్చటే. ఇక్కడ కాకులు దండిగా ఉన్నాయి, తాటిచెట్లే లేవు. నిమ్మకాయలతో సర్దుకోవాలి.

దక్షిణార్ధగోళమని కూడా బెంగ పెట్టుకోవద్దు. ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, మన ప్రదక్షిణకు ఎదురుగా తిరుగుతాడు. సంక్రాంతి నాడు ఉత్తరాయణ పుణ్యకాలం అంటూ పొంగలి వండుతుంటే బయట పగళ్ళు కురచవుతుంటాయి. ఆయన్ని ఆయన దారిన పోనివ్వండి.

చివరగా నా అనుభవం. డిసెంబరులో ఒక శనివారం, మేం మనసుపడ్డ ఇంటికి పొద్దున పదింటికి వేలం. రాహుకాలమంటే పగటిని ఎనిమిది భాగాలు చెయ్యాలి, శనివారం అది మూడో భాగం. అప్పుడు సిడ్నీలో పగలు 14 గంటల 24 నిమిషాలు, భాగానికి 108 నిమిషాలు. (జూన్‌లో 74తో పోతుంది, వేలం ఆర్నెల్లు ఆపమంటే ఏజెంటు వినలేదు.) లెక్క కడితే 9:17 నుంచి 11:05 దాకా రాహువు. నంబరు కార్డు ఒళ్ళో పెట్టుకుని చేతులు కట్టుకున్నాను. 10:31కి మొదటిసారి ఒకాయన చెయ్యెత్తాడు, మనవాడే. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఏమండీ, ఎత్తండి!" "ఆగవే, ఇంకా పాతిక నిమిషాలుంది" అంటుండగానే 10:40కి సుత్తి పడింది.

మధ్యాహ్నం పంతులుగారికి ఫోన్ చేస్తే, "ఆ గృహం మీకు కలిసిరాదు, తప్పిపోయింది మంచికే" అన్నారు. ఎంత కచ్చితంగా చెప్పారో చూడండి.

మార్చిలో, వేలంలో ఇల్లు పాడుకున్నాయన గృహప్రవేశానికి పిలిచాడు. హోమం పొగకి స్మోక్ అలారం కూస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీలెక్కి తువ్వాళ్ళతో విసురుతున్నారు. ఆయన్ని పక్కకు పిలిచి, వేలానికి ముహూర్తం ఎవరు పెట్టారని అడిగాను. "పంతులుగారెవరూ లేరండీ. ఫ్రిజ్ మీద తెలుగు క్యాలెండరుంది. శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర అని ఉంటే, పదిన్నర అయ్యాక ఎత్తాను" అన్నాడు.

ఆ క్యాలెండరు ఇండియన్ స్టోరులో ఇరవై కిలోల సోనామసూరి బస్తా కొంటే ఊరికే ఇస్తారట. వస్తూ వస్తూ ఒక బస్తా వేయించుకొచ్చాను.