పచ్చబొట్టు పచ్చిగా ఉన్నన్నాళ్లు వినకూడని సలహాలు

నిజామాబాద్‌లో పచ్చబొట్టు వేయించుకున్న కుర్రాడికి సలహా చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆ సలహాల్లో సగం మందు సీసా చుట్టే తిరుగుతాయి. నేను విన్నవి ఇక్కడ రాస్తున్నాను, పాటించొద్దని చెప్పడానికే.

“సూది గుచ్చకముందే ఒక క్వార్టర్ ఏసుకో, నొప్పి తెలువది.” తెలియకపోవచ్చు. కానీ మద్యం చర్మంలోని రక్తనాళాలను సాగదీస్తుంది, రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తుంది. సూది దిగేది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకే. అక్కడ రక్తం ఊరుతూ ఉంటే వేసేవాడికి గీత కనిపించదు, సిరా సరిగ్గా నిలవదు. పైగా తాగినవాడు కుదురుగా కూర్చోడు. అమ్మ పేరులో అక్షరం వంకరపోతే జీవితాంతం మోయాల్సిందే.

“దాని మీద ఇంత మందు పొయ్యి, పురుగు చస్తది.” చెరకు సీమలో ఈ మాటకు బలమెక్కువ. మొలాసిస్ నుంచి స్పిరిట్ వస్తుందని బోధన్‌లో ఎవరినడిగినా చెబుతారు. అక్కడి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, ఈ నమ్మకం మాత్రం పోలేదు. విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. క్రిములను చంపే స్పిరిట్ 70 శాతం దాకా ఉండాలి. అది పోసినా పచ్చిపుండు మీద కొత్తగా వస్తున్న చర్మం మాడుతుంది. శుభ్రమైన నీళ్లు, వాసన లేని సబ్బు చాలు.

“కల్లు చలువ, ఏం గాదు.” నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. చెట్టు మీంచి అప్పుడే దించిన ఈతకల్లు వేరు. మన దగ్గర సీసాల్లో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం కలిపి పట్టుబడ్డ సంగతి ఏళ్లుగా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరుకు ఆగినప్పుడు, అలవాటుపడ్డవాళ్లు వణుకుతో, మూర్ఛలతో నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రికి చేరారు. ఆ కల్లు తాగి, దురదకని మెడికల్ షాపులో ఇచ్చిన మగత గోలీ వేసుకుంటే మత్తు మీద మత్తు. ఊపిరి నెమ్మదించే ప్రమాదం ఉంది. ఒళ్లు తెలియక పడుకున్నవాడు నిద్రలో పొక్కును గోళ్లతో గీరుతాడు. పొక్కుతోపాటు రంగూ ఊడుతుంది. అయితే రోజూ ఆ కల్లుకు అలవాటైనవాళ్లు పచ్చబొట్టు కోసమని ఒక్కసారిగా ఆపేయకూడదు. ముందు డాక్టర్‌ను కలవాలి, పచ్చబొట్టు సంగతి తర్వాత.

“జాతరలో యాభైకే ఏస్తడు, తాగి పో.” ఒకే సూది పదిమందికి గుచ్చితే హెపటైటిస్ బి, సి వచ్చే అవకాశం ఉంది. అవి పట్టేది కాలేయాన్నే, మద్యం పాడుచేసేదీ కాలేయాన్నే. కొత్త సూది మీ కళ్లముందు కవరు చింపి తీయకపోతే లేచి రండి.

ఒక్క బీరుతో బొమ్మ చెరిగిపోతుందని నేను అనను. కానీ మొదటి రెండు మూడు రోజులు చుక్క ముట్టకుండా ఉండటం, పైచర్మం మానే రెండు మూడు వారాలు పీకలదాకా తాగకుండా ఉండటం మంచిది. చెరకు నరికే పని ఉన్నవాళ్లకు ఇంకో మాట: ఆకు అంచు కోస్తుంది, చెమట, దుమ్ము పుండులోకి పోతాయి. కోతలు అయ్యాకే వేయించుకోండి.

ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెళ్లండి. ఏం తాగారో, ఎంత తాగారో డాక్టర్ దగ్గర దాచకండి.