చచ్చే ముందు ఒకసారి గీకండి

జేబులో కార్డుంటే చాలు, బీమా ఉచితమని రీల్స్ ఊదరగొడుతున్నాయి. కోటి రూపాయల విమాన ప్రమాద బీమా ఇచ్చే కార్డులూ ఉన్నాయట! కోట ఊరి బస్టాండులో ఆటో కోసం నిలబడ్డవాడికి ఇంతకన్నా భరోసా ఏం కావాలి? టికెట్టు ఆ కార్డుతోనే కొనాలి, ఆపైన విమానమే కూలాలి, అంతే. అమెరికాలో మనవాళ్లు అద్దెకారు తీసుకుంటూ, క్రెడిట్ కార్డు ఉందిగా అని కంపెనీ బీమా వద్దంటారు. అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టుండాలి, అదీ సాధారణంగా ఆ కారుకు తగిలిన దెబ్బకే. ఎదుటివాడి కాలు విరిగితే కార్డుకు సంబంధం లేదు. సరే, వాళ్లు లాయర్ని పెట్టుకోగలరు.

మనకున్నది జన్‌ధన్ రూపే కార్డు. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు ప్రమాద బీమా రెండు లక్షలు, అంతకుముందువాటికి లక్ష. అసలు షరతు: ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒక్క లావాదేవీ అయినా జరిగుండాలి. డబ్బు తియ్యక్కర్లేదు, నిల్వ చూసుకున్నా చాలు. అంటే పోయేవాడు ముందుచూపుతో ఒకసారి ఏటీఎం దాకా వెళ్లొచ్చి మరీ పోవాలి. రొయ్యల గుంట దగ్గర ఏరియేటర్ తీగ 89వ రోజున షాక్ కొడితే ఇంటికి రెండు లక్షలు, 91వ రోజున కొడితే సున్నా. కరెంటు తీగలకు క్యాలెండరు చూడటం నేర్పాలి. గూడూరు రోడ్డు మీద లారీలు గుద్దే ముందు, కార్డు చివరిసారి ఎప్పుడు గీకావని అడగాలి. పోతుందేమోనని కార్డును చీర మడతల్లో దాచుకున్న ఆడమనిషి చేసిన తప్పేమిటి, జాగ్రత్తా? కొన్ని బ్యాంకుల మామూలు డెబిట్ కార్డులకైతే నిల్వ చూసుకుంటే సరిపోదు, సరుకు కొనాల్సిందే.

ఊరికే ఇచ్చేదానికి షరతు ఉండదా అంటారు. ఉండొచ్చు. తాగి నడిపితే ఇవ్వమనండి, అర్థముంది. ఏటీఎంకు వెళ్లనందుకు ఇవ్వననడానికీ ప్రమాదానికీ ఏం సంబంధం? ఖాతాలు మూలపడకుండా చూసుకోవడం బ్యాంకు అవసరం. ఆ అవసరానికి జరిమానా కట్టేది పోయినవాడి పెళ్లాం. ఇది బీమా కాదు, కార్డు వాడించడానికి వేసిన ఎర. పైగా ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు తెమ్మంటారు. కొత్తపట్నం నుంచి వేటకెళ్లి తిరిగిరానివాడికి పోస్టుమార్టం ఎక్కడ చేయిస్తారు?

పోనీ నష్టమేముంది, వస్తే వస్తుంది అనేవాళ్లకు అసలు నష్టం కనపడటం లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మనిషి పోతే అదే రెండు లక్షలు, గీకుడు షరతు లేదు. కార్డులో ఎటూ ఉందిలే అని ఆ ఇరవైని వద్దనుకునేలా చేస్తోంది ఈ ఉచితమే. బీమా ఎంత, షరతేమిటి, ఎన్నాళ్లలోగా ఎవరికి చెప్పాలి అన్న మూడు ముక్కలు తెలుగులో రాసి నామినీ చేతికివ్వలేని బ్యాంకు, ఉచిత బీమా అన్న పోస్టరు గోడ మీంచి పీకెయ్యాలి.