రిఫ్రెష్ కొట్టు, పుణ్యం కట్టుకో

మా చంద్రపూర్ లాల్‌పేట్ కోలరీ క్వార్టర్లలో ఒక ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ దిగిందంటే చాలు, వారం తిరక్కుండా దానికి వైద్యులు తయారవుతారు. మొదట వచ్చేది పాలిటెక్నిక్ చదివే పక్కింటి అబ్బాయి. వస్తూనే మౌస్ కుడి బటన్ నొక్కి రిఫ్రెష్ కొడతాడు. మళ్లీ కొడతాడు. తెర మీది బొమ్మలు ఒక్కసారి రెప్పలార్పుతాయి. “చూసిన్రా కాకా, ఇప్పుడు ఫాస్టయింది” అంటాడు. అయిందేమీ లేదు. డెస్క్‌టాప్ మీది ఐకాన్లను మళ్లీ గీయమని చెప్పడమే రిఫ్రెష్. పాపం ప్రాసెసర్‌కు కాస్త పని పెరుగుతుంది తప్ప తగ్గదు. అయినా ఈ దేశంలో కంప్యూటర్ ముట్టుకున్న వాళ్లలో ఎక్కువమంది కూర్చోగానే చేసే మొదటి పని ఇదే. ఎవరు నేర్పారో ఎవరికీ తెలియదు.

రెండో వైద్యుడు బాబుపేట్ నుంచి వచ్చే మేనల్లుడు. ఇతనిది మంత్రశాస్త్రం. రన్ విండో తెరిచి టెంప్, తర్వాత అటూ ఇటూ పర్సెంట్ గుర్తులతో మరో టెంప్, చివర ప్రీఫెచ్ అని కొట్టి, కనపడ్డ ఫైళ్లన్నీ పట్టి తుడిచేస్తాడు. టెంప్ ఫైళ్లు పోతే కొంచెం జాగా మిగులుతుంది, కాదనను. కానీ ప్రీఫెచ్ అనే ఫోల్డరు ఉన్నదే ప్రోగ్రాములు తొందరగా తెరుచుకోవడానికి. ఏ ప్రోగ్రాముకు మొదట ఏ ఫైళ్లు కావాలో విండోస్ అందులో రాసి పెట్టుకుంటుంది. దాన్ని చెరిపేస్తే మరుసటిసారి ఆ ప్రోగ్రాము ఇంకొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది. రోగి నీరసపడ్డాడు కాబట్టి వైద్యుడు ఫార్మాట్ కొట్టాలంటాడు. వారంటీ కాగితం మీద ఇంకు ఆరకముందే ఆపరేషన్!

షాపువాడి మాట వేరే. జట్‌పురా గేటు దగ్గరైనా, గోల్ బజార్‌లోనైనా అందరిదీ ఒకటే పాట: కొత్తలో అలాగే ఉంటుంది, వాడగా వాడగా సెట్టవుతుంది. ఇందులో పిసరంత నిజముంది, అందుకే ఇన్నాళ్లుగా చెల్లుతోంది. కొత్త యంత్రం మొదటి రెండు రోజులు అప్‌డేట్లు దించుకుంటుంది, ఫైళ్లకు సూచిక తయారుచేసుకుంటుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపితే ఆ రెండు రోజులు నాలుగవుతాయి. అంతవరకూ ఓపిక పట్టాల్సిందే. కానీ పదిహేను రోజుల తర్వాత కూడా ఎక్సెల్ తెరవడానికి టీ తాగి రావాల్సి వస్తే అది రోగం కాదు, పుట్టుక. నెమ్మదిగా ఉండేలా తయారుచేసి, నెమ్మదిగా ఉంటుందని తెలిసే అమ్మారు. ఈ రిఫ్రెష్‌లూ, ఫార్మాట్లూ అన్నీ కలిసి చేసే ఘనకార్యం ఒక్కటే: తప్పు కొన్నవాడి వాడకంలో ఉందని వాడిచేతే ఒప్పించడం.

బొగ్గు తవ్వే ఊరివాళ్లం, సరుకుకు గ్రేడు ఉంటుందని మాకొకరు చెప్పక్కర్లేదు. ఈ దేశంలో బొగ్గుకు పదిహేడు గ్రేడులు. కిలోకు 7000 కిలో కేలరీలు దాటితే జీ1. అక్కణ్ణుంచి మూడేసి వందలు తగ్గుకుంటూ 2200 నుంచి 2500 మధ్య ఉన్నది జీ17. గని ఒక గ్రేడు చెప్పి, థర్మల్ స్టేషన్‌కు చేరాక ఇంకో గ్రేడు తేలితే అదో పంచాయితీ. నమూనా తీయడానికి మూడో మనిషి రావాలి. టన్నుకు ఇంతని అమ్మే నల్లరాయికి ఇంత లెక్క ఉంటే, జీతంలోంచి కిస్తులు కట్టి కొన్న ల్యాప్‌టాప్‌కు ఉన్న గ్రేడు ఏమిటయ్యా అంటే, కీబోర్డు పక్కన అంటించిన రంగు స్టిక్కరు.

ఆ స్టిక్కరు కథ చెప్పుకోవాల్సిందే. 2022లో ఏఎండీ తన ల్యాప్‌టాప్ చిప్‌లకు కొత్త నంబర్ల పద్ధతి పెట్టింది. మొదటి అంకె ఏ ఏడాది సరుకో చెబుతుంది. లోపలి డిజైను ఏ తరందో మూడో అంకె చెబుతుంది. అంటే 7520యు అని చూడగానే మనకు 7 కనపడుతుంది, అసలు గుట్టు మధ్యలో కూర్చున్న 2లో ఉంటుంది. ఆ 2 అంటే జెన్ 2. అది 2019 నాటి డిజైను. 2023 డిసెంబరులో ఇంటెల్ దీన్ని పట్టుకుని, పాత సరుకును కొత్త పేరుతో అమ్ముతున్నారని ఒక ప్రదర్శనే తయారుచేసి ఎద్దేవా చేసింది. బాగుంది. నెల తిరిగేసరికి, 2024 జనవరిలో, అదే ఇంటెల్ కోర్ 5 120యు, కోర్ 7 150యు అనే కొత్త పేర్లతో చిప్‌లు దించింది. లోపల ఉన్నది ఏడాది కిందటి రాప్టర్ లేక్ డిజైనే. ఆ వరసకు పెట్టుకున్న పేరు వినండి: రాప్టర్ లేక్ రిఫ్రెష్. మా పక్కింటి అబ్బాయిని ఇన్నాళ్లూ ఊరికే ఆడిపోసుకున్నాను. వాడు డెస్క్‌టాప్ మీద చేసేదే వాళ్లు ఫ్యాక్టరీలో చేస్తున్నారు. అంతకుముందే ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో సెలెరాన్, పెంటియం అనే పేర్లు ఎత్తేసి, అడుగు వరస చిప్‌లకు ఉత్త ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని నామకరణం చేసింది. సెలెరానా అని అడిగి జాగ్రత్తపడే ఆ కాస్త అవకాశమూ పోయింది.

మెమరీ సంగతి ఇంతకంటే గొప్పగా లేదు. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్ చాలని మైక్రోసాఫ్టే రాసింది. చాలు అంటే లేచి నిలబడటానికి చాలు, నడవడానికి కాదు.

ఇక ఎండ. చాలా ల్యాప్‌టాప్‌ల మాన్యువల్‌లో, ఎవరూ చదవని పేజీలో, 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని రాసి ఉంటుంది. చంద్రపూర్‌లో మే నెలలో 45 దాటడం వార్త కూడా కాదు. చిప్ లోపల వేడి వందకు చేరువయితే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. షోరూంలో ఏసీ కింద పెట్టి చూపించినప్పుడు రాకెట్‌లా ఉన్నదే ఇంట్లో రేకుల కప్పు కింద, పరుపు మీద, గాలి కన్నాలు మూసుకుపోయి, ఫ్యాన్‌లో బొగ్గు ధూళి పేరుకుని చతికిలబడుతుంది. దానికి వైరస్ అని పేరు పెట్టి, వైద్యుడు మూడు వందలు పుచ్చుకుంటాడు.

అసలు చూడాల్సింది చూడటానికి రెండు నిమిషాలు చాలు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ దగ్గర మెమరీ నొక్కితే ఎంత నిండిందో, ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడారో చాలా యంత్రాల్లో కనిపిస్తుంది. మొన్న ఒకాయన ల్యాప్‌టాప్‌లో చూస్తే ఒక్క క్రోమ్ తెరిచేసరికే తొంభై శాతం నిండింది. రెండు స్లాట్లలో ఒకటి ఖాళీ. ఇంకో ర్యామ్ ముక్క వేస్తే తీరే బాధకు ఆయన అప్పటికి రెండుసార్లు ఫార్మాట్ కొట్టించుకున్నాడు. ర్యామ్‌ను బోర్డుకే అతికించి అమ్మే మోడల్ అయితే ఆ దారీ లేదు, కొనేముందే అడగాలి.

ఆయన గనిలో జీవితమంతా గడిపిన మనిషి. కొడుక్కి రెండోది కొనడానికి పోయినప్పుడు బాగానే అడిగాడు: ర్యామ్ అతికించిందా, ఊడేదా? డిస్కు ఎస్‌ఎస్‌డీయా, ఈఎంఎంసీయా? చిప్ లోపలి డిజైను ఏ ఏడాదిది? షాపు అబ్బాయి అంతా శ్రద్ధగా విని, కౌంటర్ కింద నుంచి ఒక నల్ల సంచి తీసి ముందు పెట్టాడు.

“కాకా, బ్యాగ్ ఫ్రీ హై.”