ఒక్క ఫారం, ఆరు పేర్లు

మా రోజుల్లో ఢిల్లీ తెలుగువాళ్లకి ఊరి బండి అంటే ఏ.పీ. ఎక్స్‌ప్రెస్సే. 1976లో వేశారు. సంక్రాంతికి టికెట్ కావాలంటే చలిలో మఫ్లర్ చుట్టుకుని, తెల్లారకముందే న్యూఢిల్లీ స్టేషన్ దగ్గర లైన్లో నిలబడేవాళ్లం. ఏ బండికి ఆ కౌంటరే. ఇందులో ఖాళీ లేదంటే మరో లైన్లో మళ్లీ చివర నిలబడాల్సిందే.

1986లో అక్కడే కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చింది. ఏ కౌంటర్లోనైనా ఏ బండికైనా టికెట్! దాన్ని తయారుచేసినవాళ్లకి ఇవాళ్టికీ దండం పెడతాను. ఆర్‌ఏసీ, వెయిటింగ్ లిస్టు, కోటాలు, ఇలా రైల్వే లెక్కలన్నీ కంప్యూటర్‌కి నేర్పారు గానీ జనాన్ని మారమనలేదు. మనవాళ్లు ఇంటిల్లిపాదీ కదులుతారని వాళ్లకి తెలుసు. ఒక్క ఫారం మీద ఆరుగురి పేర్లు, వయసులు రాసిస్తే చాలు, పని అయిపోయేది.

2002లో ఇంటర్నెట్ టికెట్ పెట్టినప్పుడూ అంతే. బుక్ చేసేది కంప్యూటర్లో, టికెట్ కాగితం మాత్రం కొరియర్‌లో ఇంటికొచ్చేది. టీటీఈకి చూపించాల్సింది ఆ కాగితమే కదా! 2005లో మనమే ప్రింటు తీసుకునే ఈ-టికెట్ వచ్చింది. ఫోన్లో మెసేజ్ చూపిస్తే చాలనడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. జనం అలవాటు పడేదాకా ఆగారు.

ఇప్పుడు ఆ ఓపిక ఎవరికుంది? మొన్న మా ఆవిడ మోకాళ్లు చూపించడానికి నోయిడాలో ఒక ఆసుపత్రికి వెళ్లాం. చీటీ రాయరట, యాప్‌లోనే పేరు నమోదు చేయాలట. నా నంబరు కొడితే, దాని మీద ఇప్పటికే ఒక పేషెంటు ఉన్నాడంది. ఆ పేషెంటుని నేనే.

"సిస్టమ్ తీసుకోవట్లేదు అంకుల్‌జీ, ఆంటీజీ నంబర్ చెప్పండి" అంది కౌంటర్లో అమ్మాయి.

ఆంటీజీకి నంబరు లేదు. మా ఇద్దరికీ ఫోన్ ఒక్కటే. పెళ్లై నలభై ఏడేళ్లు, ఇల్లొకటి, వంటొకటి, ఫోనూ ఒకటే. ఒక నంబరుకి ఒకే మనిషి అని ఎవరు నిర్ణయించారో! ఆ యాప్ రాసినవాళ్లు ఒక్క పూట ఆ హాల్లో కూర్చుని ఎవరు ఎవర్ని పట్టుకుని వస్తున్నారో చూసుంటే ఇలా రాసేవాళ్లు కాదు.

కౌంటర్ బల్ల అంచు పట్టుకుని మా ఆవిడ అలాగే నిలబడింది. చివరికి వెనకాల నిలబడ్డ కుర్రాడెవరో జాలిపడి తన నంబరిచ్చాడు. ఇప్పుడు ఆవిడ ఎక్స్‌రే, రక్తపరీక్షల రిపోర్టులన్నీ ఆ అబ్బాయి ఫోన్‌కి వెళ్తున్నాయి. వచ్చే నెల మళ్లీ చూపించాలి. ఓటీపీ కోసం అతనికే ఫోన్ చేయాలి.